షట్టర్ విరిగిన రాత్రికి జవాబు ఎవరు చెప్పాలి?

"కాల్వ రైతులకు ఒక పద్ధతంటూ లేదు. రాత్రికి రాత్రి షట్టర్లు లేపుతారు, తూములు పగలగొడతారు, అడ్డం పోయిన లష్కరు మీదికి వస్తారు. నలుగురి మీద కేసులు పెట్టి లోపలేస్తే గాని దారికి రారు."

యాసంగి సగానికి వచ్చేసరికి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు ఈ మాట ప్రతి ఏడూ వినిపిస్తుంది. ఇరిగేషన్ ఆఫీసులో వినిపిస్తుంది, తహసీల్ ఆఫీసు ముందరి చాయ్ హోటల్లో వినిపిస్తుంది, పేపర్ల జిల్లా పేజీల్లో రైతుల ఘర్షణ అన్న శీర్షిక కింద వినిపిస్తుంది. బాధ కలిగించేదేమంటే, కాల్వ మొదట్లో పొలమున్న రైతు కూడా చివరి రైతును చూపించి ఇదే మాట అంటాడు. ఈ అభిప్రాయం తప్పు. దీన్ని పట్టుకుని వేలాడినన్నాళ్లూ పొట్ట మీదున్న వరి ఎండుతూనే ఉంటుంది, పక్కపక్క ఊళ్ల మధ్య పగలు పెరుగుతూనే ఉంటాయి, నిజంగా జవాబు చెప్పవలసిన వాళ్లు నిమ్మళంగా ఉంటారు.

గొడవలు జరగడం లేదని నేననను. నీళ్ల దగ్గర చేయిచేసుకున్నవాళ్లున్నారు, పారలు లేపినవాళ్లున్నారు, అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇళ్లున్నాయి. చాలీచాలని జీతానికి చీకట్లో కట్ట మీద నడిచే లష్కరును కొట్టడం నేరమే. ఆ నేరాన్ని వెనకేసుకురావడం నా పని కాదు. నా పేచీ ఆ సంఘటన నుంచి తీసే నిర్ధారణతో. రైతు స్వభావంలోనే దుడుకుతనం ఉంది, కాబట్టి మందు పోలీసు చేతిలోనే ఉంది అంటారే, ఆ నిర్ధారణ అబద్ధం.

ఒక ఉపకాలువ తూము దగ్గరికి వెళ్లి చూడండి. సిమెంటు దిమ్మె, దాని మీద మరలు తిరిగిన నిలువు ఇనుప కడ్డీ, కడ్డీని తిప్పడానికి ఒక హ్యాండిల్ ఉండవలసిన చోట ఖాళీ. హ్యాండిల్ ఎవరి దగ్గర ఉందో ఊళ్లో ఒక్కొక్కరూ ఒక్కో పేరు చెబుతారు. షట్టరు రేకు అడుగున తుప్పు తిని పోయింది కాబట్టి దించినా నీళ్లు కారుతూనే ఉంటాయి. ఆ సందులో ఎవరో ఇసుక నింపిన సంచులు, వరిగడ్డి కుక్కి ఉంటారు. తూము దిగువ గోడ మీద నీటి మట్టం కొలిచే గేజి గీతలు ఒకప్పుడు వేసినవే, ఇప్పుడు అడుగులేవో అంగుళాలేవో ఆనవు. ఈ తూములోంచి ఇవాళ ఎన్ని క్యూసెక్కులు పోవాలి, ఎన్ని పోతున్నాయి, ఎప్పుడు తెరిచారు, ఎప్పుడు మూస్తారు అన్న నాలుగు ముక్కలు రాసిన పలక అక్కడ ఉండదు. ఇటువంటి తూము దగ్గర అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ రైతుకు ఏ నియమం కనపడుతుంది, అతను దేన్ని ఉల్లంఘించాడని అంటారు? అతనికి తెలిసింది ఒక్కటే: తన మడి నెర్రెలిచ్చింది, పై ఊరి మడి నిండి పొర్లుతోంది.

ఇప్పుడు ఈ కాల్వలకు నీళ్లిచ్చే ప్రాజెక్టు లెక్కకు వద్దాం. శ్రీరాంసాగర్‌కు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట్లో 112 టీఎంసీలుగా లెక్కగట్టిన జలాశయం, పూడిక పేరుకుని 80.5 టీఎంసీలకు తగ్గింది. మొదటి దశ ఆయకట్టు మాత్రం కాగితం మీద 9.68 లక్షల ఎకరాలుగానే ఉంది. ఆ జలాశయం నుంచి నీళ్లు తెచ్చే కాకతీయ కాల్వను 9,700 క్యూసెక్కుల కోసం తవ్వారు. లైనింగు దెబ్బతిన్నాక అంత నీటిని అది మోయలేకపోతోంది. ఈ కాల్వ కింద అంతా వరే వేస్తారని మొదటి ప్రణాళిక అనుకోలేదు, ఆరుతడి పంటలకూ చాలా భూమిని కేటాయించింది. వరికి రైతు ఊరికే మళ్లలేదు. మద్దతు ధరకు నమ్మకంగా కొనేది వడ్లనే. మెట్‌పల్లి పక్కన ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడ్డాక చెరకు వేసుకున్నవాళ్లకు ఉన్న దారీ మూసుకుపోయింది. నీళ్లు తగ్గాయి, కాల్వ బలహీనపడింది, నీళ్లు తాగే పంట పెరిగింది. ఈ మూడింటిలో ఒక్కటైనా చివరి తూము రైతు చేసిన నిర్ణయం కాదు. వీటన్నిటి భారం మాత్రం అతని మడి మీద పడుతుంది.

వారబందీ ఉంది కదా అంటారు. ఉంది. ఈ మధ్య యాసంగుల్లో దిగువ మానేరుకు ఎగువ ఉన్న ఆయకట్టును రెండు ముక్కలు చేసి, డీ-5 నుంచి డీ-53 దాకా ఉపకాలువలకు ఏడు రోజులు, డీ-54 నుంచి డీ-94 దాకా ఎనిమిది రోజులు వంతుల వారీగా ఇస్తున్నారు. చెప్పుకోవడానికి బాగుంది. కానీ వంతు అన్నది ప్రధాన కాల్వ మీద ఆగిపోతే దానికి అర్థం లేదు. డీ-83 వంటి పెద్ద ఉపకాలువకు నీళ్లు వదిలారంటే, అందులోంచి చీలే మొదటి మైనరు కాల్వకు తొలి రోజే అందుతాయి. మంథని వైపు చివరి భూములకు చేరేసరికి ఎనిమిది రోజుల్లో సగం దారిలోనే కరిగిపోతాయి. అప్పటికి వంతు మారిపోతుంది. ఏ మైనరుకు ఏ రోజు, ఏ గంటకు, ఎవరి మడి దాకా అన్నది చెప్పే కాగితం ఊళ్లో ఎవరి చేతిలోనూ ఉండదు. వంతు చెప్పకుండా వంతు తప్పావని ఎవరిని నిలదీస్తాం?

ఇక ఇదే జగిత్యాల వైపు ఉన్న మేడిపల్లి సంగతి. శ్రీరాంసాగర్ నుంచి మధ్య మానేరు దాకా 122 కిలోమీటర్ల వరద కాలువ కథలాపూర్, మేడిపల్లి మండలాల మీదుగా వెళ్తుంది. 22,000 క్యూసెక్కులు మోయగల పెద్ద కాల్వ. దాన్ని తవ్వడానికి భూములిచ్చింది ఈ ఊళ్లవాళ్లు. అది నిండుగా పారుతుంటే ఒడ్డునే ఉన్న చెల్కలకు చుక్క దక్కలేదు. ఎందుకంటే ఆ కాల్వ ఉద్దేశం వరదను మధ్య మానేరుకు చేర్చడం. తూములు పెట్టి మా చెరువులు నింపండని దారి పొడవునా ఊళ్లు అడిగి అడిగి, ధర్నాలు చేసి, కొన్నింటిని సాధించుకున్నాయి. మిగతాచోట్ల రైతులు అప్పు చేసి మోటార్లు దింపారు, కిలోమీటరు పొడవునా పైపులు పరిచారు. అదే మోటారును ఆఫీసు దొంగ మోటారు అంటుంది. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు ఇచ్చిన ప్రభుత్వమూ, ఆ కరెంటుతో తిరిగే మోటారును తీసెయ్యమనే ప్రభుత్వమూ ఒక్కటే.

2017 ఆగస్టు 10న పోచంపాడులో పునరుజ్జీవన పథకానికి శంకుస్థాపన చేసినప్పుడు ఇదే వరద కాలువలో కాళేశ్వరం నీళ్లు వెనక్కి పారతాయని, రాంపూర్, రాజేశ్వర్‌రావుపేట, ముప్కాల్ పంపుహౌసులు రోజుకో టీఎంసీ ఎత్తి శ్రీరాంసాగర్‌ను నింపుతాయని చెప్పారు. రైతు ఆ మాట నమ్మి నార్లు పోశాడు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి, కాళేశ్వరం నుంచి ఎత్తిపోత నిలిచిపోయింది. వెనక్కి వచ్చే నీటి మీద పెట్టుకున్న ఆశ దానితోనే పోయింది. ఆ పియర్లు కుంగినందుకు ఒడ్డు మీది రైతుకు ఎవరు జవాబు చెప్పారు? కమిషన్లు కూర్చున్నాయి, నివేదికలు వచ్చాయి, పార్టీలు ఒకదాన్నొకటి తిట్టుకున్నాయి. లక్ష కోట్ల లెక్కల్లో జవాబుదారీ ఇన్నేళ్లు తీసుకుంటుంటే, అర్ధ అంగుళం మరను రెండు చుట్లు తిప్పిన రైతు మీద మాత్రం మర్నాడు పొద్దున్నే ఫిర్యాదు రాస్తారు.

చట్టం ఏం చెబుతుందో కూడా చూద్దాం, ఎందుకంటే చట్టాన్ని అమలు చేయాలనే కదా ఎదుటివారి వాదన. సేద్యపు నీటిని తగ్గించేలా పనులకు నష్టం చేసినా, నీటిని మళ్లించినా భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షను కింద ఐదేళ్ల దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో ఇది 430వ సెక్షను. ఈ చట్టం అందరికీ గుర్తుంది. అందరూ మరిచిపోయిన చట్టం ఇంకొకటి ఉంది, అదే అసలైనది: 1997 నాటి సాగునీటి వ్యవస్థల రైతుల యాజమాన్య చట్టం. ఆ ఏడాది జూన్‌లో ఉమ్మడి రాష్ట్రమంతటా ఎన్నికలు జరిగి పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ప్రతి సీజనుకు వారబందీ తయారు చేసి అమలు చేయడం, ఎవరి భూమి ఎంతో పుస్తకం రాయడం, కాల్వ మరమ్మతు చూడడం, రైతుల మధ్య తగవు తీర్చడం ఆ సంఘాల పని. తగవు వస్తే పదిహేను రోజుల్లో తేల్చాలని అందులోనే ఉంది. కాల్వ రైతు దుడుకుతనానికి మందు 1997లోనే శాసనసభ రాసిపెట్టింది. తెలంగాణ ఏర్పడ్డాక ఆ సంఘాలకు ఎన్నికలే జరగలేదు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 14న మళ్లీ జరిగాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేయడం మర్యాద కాదు. ఆ సంఘాలు ఉన్న రోజుల్లో ఏం ఒరిగింది అంటారు. అధ్యక్షులు కాంట్రాక్టర్లయ్యారు, పూడిక తీయకుండానే బిల్లులెత్తారు, పార్టీ జెండా లేనివాడికి నీళ్లు లేకుండా చేశారు. నిజమే. చాలాచోట్ల అలాగే జరిగింది. మొదటి తూముల దగ్గరి పెద్ద రైతులే పదవుల్లో కూర్చున్న సంఘాలు నేనూ చూశాను. కానీ ఆ అధ్యక్షుడు తిన్నాడని ఊరికి తెలిసింది, పేరు పెట్టి తిట్టింది, తర్వాతి ఎన్నికలో కొన్నిచోట్ల దించేసింది కూడా. ఇప్పుడు మైనరుకు నీళ్లు రాకపోతే ఏ పేరు పెట్టి అడగాలో చెప్పండి. ఏఈ బదిలీ మీద వస్తాడు, బదిలీ మీద పోతాడు. అతని చేతి కింద ఇద్దరు లష్కర్లు ఉండాల్సిన చోట ఒక్కడు, ఒక్కడు ఉండాల్సిన చోట ఎవరూ లేరు. రిటైరైనవాళ్ల స్థానాలు ఏళ్ల తరబడి ఖాళీగా వదిలేసి, చివరికి 2024లో ఔట్‌సోర్సింగు మీద లష్కర్లను, హెల్పర్లను తీసుకుంటామన్నారు. మంచిదే. అయితే ఆ లష్కరు కూడా పైకి జవాబు చెప్పేవాడే, పొలంలో నిలబడ్డ మనిషికి జవాబు చెప్పేవాడు కాదు. సంఘం చెడితే సంఘాన్ని బాగుచేసే దారులుంటాయి. అసలు లేకుండా చేయడం బాగుచేయడం కాదు.

పోలీసు వస్తే ఏమవుతుందో కూడా మన కళ్ల ముందరిదే. 2018 ఆగస్టులో కాకతీయ కాల్వకు నీళ్లు వదలమని ఆర్మూర్, బాల్కొండ వైపు రైతులు కదిలితే, ప్రాజెక్టు చుట్టుపక్కల 144 సెక్షను పెట్టి బలగాలను దింపారు. నీళ్ల పంపకం మీద అప్పటిదాకా ఉన్న ప్రశ్న ఒక్కటీ దానితో తీరలేదు. పోలీసు తూమును కాపలా కాయగలడు. నీళ్లు వచ్చినవాడికి వంతు దాటింది, రానివాడికి వంతు మిగిలింది అని తేల్చడం అతని వల్ల కాదు, ఆ లెక్క అతని స్టేషనులో ఉండదు. పైగా కేసు ఎవరి మీద పడుతుందో గమనించండి. నలభై హార్సుపవరు మోటారుతో నెలంతా తోడుకున్నవాడు కట్ట మీద ఎవరితోనూ కొట్లాడడు, అతనికి ఆ అవసరం రాదు. కొట్లాటకు దిగేది నీళ్లు అందనివాడు. దుడుకుతనాన్నే కొలతగా పెట్టుకుంటే నీళ్లు దొంగిలించినవాడు సాధువుగానూ, పోగొట్టుకున్నవాడు రౌడీగానూ కనిపిస్తారు. ఈ అభిప్రాయంలో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

నీళ్ల మీద బతికేవాళ్ల మీద నింద వేసి పక్కకు జరగడం మనకు ఒక్క కాల్వ దగ్గరే ఉన్న అలవాటు కాదు. కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర 2017 నవంబరు 12న పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయారు. గోదావరిలో మంటూరు దగ్గర 2018 మే 15న ఇంకో లాంచీ మునిగింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ బోటు మునిగింది. రెండేళ్లు నిండకుండా మూడు. ప్రతిసారీ సరంగు తెగింపు, యజమాని ఆశ అన్నాం. ఆ రెండూ ఉన్నాయి, శిక్ష పడాల్సిందే. కానీ నది పోటు మీద ఉన్న రోజున రేవులో ఆ బోటును ఆపవలసిన చెయ్యి ఎవరిది అన్న ప్రశ్న మొదటి ప్రమాదానికే అడిగి ఉంటే మూడోది జరిగేదా? కచ్చులూరు తర్వాతే రేవుల దగ్గర కంట్రోలు రూములు పెట్టాలన్న ఆలోచన ముందుకు కదిలింది. అన్నేళ్లూ తప్పంతా పడవవాడిదే అనుకోవడం వల్ల పోయిన ప్రాణాలవి.

కాల్వల దగ్గర మనుషులు సహజంగా కొట్టుకుంటారు అనేవాళ్లకు ప్రపంచంలో ఎక్కడైనా జవాబు దొరుకుతుంది. స్పెయిన్‌లో వాలెన్సియా నగరపు కెథెడ్రల్ గుమ్మం ముందు ప్రతి గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. ఎనిమిది కాల్వల నుంచి రైతులు ఎన్నుకున్న ఎనిమిది మంది. వకీళ్లు లేరు, ఫైళ్లు లేవు. ఎవరు వంతు తప్పారో మాటల్లో విని అక్కడికక్కడే తేలుస్తారు. శతాబ్దాల నుంచి నడుస్తున్న ఆ పద్ధతిని 2009లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. అదే ఏడాది అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఓస్ట్రోమ్ జీవితమంతా ఇటువంటి ఉమ్మడి వనరుల మీదే పనిచేశారు. వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని, వాళ్లలో వాళ్లే కాపలా కాసి, తప్పు చేసినవాడికి మొదట చిన్న జరిమానా, మళ్లీ చేస్తే పెద్దది వేసేచోట వనరు నిలుస్తుందని ఆమె చూపించారు. మొదటి తప్పుకే జైలు అనే చోట ఎవడూ పొరుగువాడి మీద ఫిర్యాదు చేయడు. ఐదేళ్ల శిక్ష ఉన్న సెక్షను మన కాల్వల మీద ఎందుకు పనిచేయదో ఇక్కడ అర్థమవుతుంది.

అంతదూరం పోనక్కర్లేదు. మన చెరువుల కింద నీరటి ఉండేవాడు. తూము ఎత్తేది, దించేది అతనే. పై మడివాడు ఎంత పెద్ద పటేలైనా నీరటి పార అడ్డం పెడితే ఆగేవాడు. పంట మీద గింజలు అందరి దగ్గరా తీసుకునేవాడు కాబట్టి అందరికీ జవాబు చెప్పేవాడు. యాసంగిలో చెరువులో ఎంత నీరుందో చూసి, ఎంత భూమి వేసుకోవాలో ముందే తైబందీ కట్టేవాళ్లు. ఆ ఏర్పాటులో కులం బరువుంది, వెట్టి ఉంది, దాన్ని తిరిగి తెమ్మని ఎవరూ అడగకూడదు. తైబందీలోని ఇంగితం మాత్రం ఇవాళ్టికీ కావాలి: నీళ్లు వదలకముందే ఎంతమందికి, ఎన్ని తడులో తేల్చి, ఊరి ముందు చెప్పడం. ఎన్ని తడులు వస్తాయో డిసెంబరులో తెలిస్తే రైతు సగం భూమిలో మక్క వేసుకుంటాడు. మార్చిలో, పొట్ట దశలో, "అన్నా, ఇంకో రెండు తడులిస్తే చేతికొస్తది" అని బతిమాలే స్థితికి అతన్ని తెచ్చింది తెలియనీయకపోవడమే.

మొదటి తూము రైతుతోనూ ఒక మాట. నీ మడిలో నీళ్లు పొర్లి ఒర్రెలో కలుస్తున్న రాత్రి, నీ షట్టరు మీదికి వచ్చినవాడు దొంగలా కనిపిస్తాడు. నీవు పోలీసును పిలవగలవు. కానీ వచ్చే ఏడు ప్రాజెక్టులో నీళ్లు ఇంకా తగ్గితే నీ పైన ఇంకో తూము ఉంది, దాని పైన వరద కాలువ మోటార్లున్నాయి, వాటి పైన ప్రాజెక్టు గేట్లున్నాయి. అప్పుడు చివరివాడివి నువ్వే. నీవు కూడా లెక్కకు లోబడే పద్ధతిని ఇవాళ అడగకపోతే, రేపు నీ తరఫున అడిగేవాడు ఉండడు.

అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. నీటి సంఘాల ఎన్నికల తేదీ ప్రకటించాలి. ఈసారి చివరి తూము రైతులకు సంఘంలో తప్పనిసరిగా స్థానాలుండాలి, పాత తప్పుకు అదే విరుగుడు. ప్రతి తూము దగ్గర ఇవాళ్టి వంతు రాసిన పలక ఉండాలి, షట్టరు ఎత్తిన వేళ, దించిన వేళ లష్కరు రాసే పుస్తకం ఊరి పంచాయతీలో ఎవరడిగినా చూపాలి. నీళ్ల తగవు మీద ఠాణాలో కేసు కట్టేముందు సంఘం పదిహేను రోజుల్లో విని తేల్చాలి. మనిషి మీద చెయ్యి పడితే మాత్రం అది నీళ్ల తగవు కాదు, ఆ కేసు ఆ రోజే కట్టాలి. ఒడ్డు మీది మోటార్లను పీకేయడానికి బదులు లెక్కలోకి తేవాలి: ఎవరిది, ఎన్ని హార్సుపవరు, ఎన్ని గంటలు.

మేడిపల్లి వాళ్లకు ఇది ఇంకా తొందరపని. కలికోట సూరమ్మ చెరువు ప్రాజెక్టుకు 2018లో శంకుస్థాపన చేసి, కథలాపూర్, మేడిపల్లి, రుద్రంగి మండలాలకు నీళ్లన్నారు. ఆ కాల్వల కోసం ఈ మండలాలు ఏళ్లుగా ఎదురుచూస్తున్నాయి. అవి పూర్తయ్యాక సంఘం సంగతి చూద్దామంటే, మొదటి నీళ్లతో పాటే మొదటి కొట్లాటా వస్తుంది. సంఘాన్ని ఇప్పుడే ఎన్నుకుని, ఏ ఊరికి ఏ తూము, ఏ రోజు వంతు అన్నది కాల్వ తవ్వే గుత్తేదారు మేడిపల్లిలో ఉండగానే అతని నక్షా పక్కన పెట్టి ఊళ్లవాళ్లే రాసుకోవాలి.